తెల్లరంగు ఆరేదాకా

మొన్న మా మేడమెట్ల దగ్గర తలుపుకి రంగు వేయడానికి వచ్చినతను ప్రైమర్ డబ్బా మూత తీశాడు. స్క్రూడ్రైవర్‌తో అంచు చుట్టూ కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ వస్తే, చివర్లో మూత 'టక్' మని ఊడింది. వెనకే టర్పెంటాయిలు కలిసిన ఆ ఘాటు వాసన. చేతిలో సంచీతో మెట్టు మీదే ఆగిపోయాను. ముక్కు ముందు గుర్తుపట్టింది, ఆ తర్వాతే కళ్ళకి కనబడింది. మావయ్య వాళ్ళ వెనక వసారా, ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తీగ, దానికి వరసగా వేలాడుతున్న తెల్లటి చేపలు. ఒక్కదానికీ ఇంకా కన్ను లేదు, పొలుసు లేదు. గాలి వీచినప్పుడల్లా అన్నీ ఒకవైపుకి తిరిగేవి, మళ్ళీ నెమ్మదిగా వెనక్కి.

బజార్లో వాటిని లూర్ అంటారు. మా ఇంట్లో మాత్రం 'కొయ్య చేపలు' అనేవాళ్ళం. వానపామో పిండిముద్దో గుచ్చే పని లేకుండా, చెక్కతో చిన్న చేపని చేసి, కడుపు కింద మూడు ముళ్ళ గాలం తగిలించి నీటిలో లాగితే, పెద్ద చేప దాన్ని నిజం చేప అనుకుని పట్టుకుంటుంది. మావయ్య పగలంతా ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలూ సెలవురోజులూ వీటితోనే గడిపేవాడు. సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ నేను ఆయన పక్కన పీటేసుకుని కూర్చునేదాన్ని. చెక్కడం నన్ను చేయనిచ్చేవాడు కాదు, కత్తి పదునని. నాకు అప్పగించిందల్లా ఆ తర్వాతి పని: రుద్దడం, ముంచడం, ఆరబెట్టడం, రంగు వేయడం.

రంగు అనగానే ఎరుపూ పసుపూ గుర్తుకొస్తాయి కదా. ఒక చేపకి పది రోజులు పడితే, ఆ రంగులకి పట్టేది ఒక్క పూట. మిగతా తొమ్మిదిన్నర రోజులూ కింద పనే.

* * *

చెక్కడం అయిపోయిన బొమ్మకి ముందు నీటి పరీక్ష ఉండేది. వంకీలు బిగించి, గాలాలు తగిలించి, కడుపులో తొలిచిన బెజ్జంలో సీసం ముక్క పెట్టి, నీళ్ళ తొట్టిలో వదిలేవాడు. కొన్ని నిటారుగా కూర్చునేవి, కొన్ని పక్కకి ఒరిగిపోయేవి. ఒరిగినదాన్ని తీసి, సీసం కొంచెం ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ వదిలేవాడు. "రంగు పడ్డాక దీన్ని మళ్ళీ తొలవలేం అమ్మడూ, ఏం చెప్పినా ఇప్పుడే చెప్పాలి" అనేవాడు. రంగుకి కూడా బరువుంటుందని నాకు అక్కడే తెలిసింది. అయిదారు కోటింగులు పడితే చిన్న బొమ్మ కొంచెం కిందికి దిగి తేలుతుంది. అందుకని వేయబోయే రంగు బరువు కూడా లెక్కలో ఉంచుకుని, సీసం కాస్త తక్కువగానే పెట్టేవాడు.

ఆ తర్వాత ఉప్పు కాగితం. ముందు 120 నంబరు, తర్వాత 220, చివరికి 320. చెక్క నార ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పటికి తెలియదు, రంగు పడ్డాక గీతలు బయటపడతాయి. 120కి 'గర్ గర్' మని వచ్చే చప్పుడు 320 దగ్గరికి వచ్చేసరికి గుసగుసలా మారేది. మావయ్య తలెత్తి చూడకుండానే, ఆ చప్పుడు విని, "ఇక చాలు, కాగితం మార్చు" అనేవాడు.

అంతా నునుపయ్యాక ఆయన చేసే పని చూసి మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. తడిగుడ్డతో బొమ్మంతా తుడిచేశాడు. అరగంట తర్వాత చేతికిచ్చి తడిమి చూడమన్నాడు. అంత కష్టపడి నునుపు చేసిన చెక్క మీద పిల్లి నాలుకలా గరుకు! నీళ్ళు తగిలితే అణిగిపోయి ఉన్న చెక్క పీచు లేచి నిలబడుతుంది. ఆయన దాన్ని 'వెంట్రుక లేవడం' అనేవాడు. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది, రంగు కింద లేచేకంటే ఇప్పుడే లేపి కోసేయడం మేలు. పూర్తిగా ఆరనిచ్చి, కొత్త కాగితంతో చేయి తేలిగ్గా పెట్టి రుద్దాలి. మళ్ళీ తడి, మళ్ళీ కాగితం. రెండోసారికి వెంట్రుక పెద్దగా లేవదు.

* * *

ఇక ముంచడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

చెక్క నీళ్ళు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. పైనున్న రంగు పొర అలా సాగలేదు కాబట్టి పగులుతుంది. పగిలిన చోట నుంచి ఇంకా నీళ్ళు పోతాయి. మావయ్య పాడైపోయిన పాత బొమ్మల్ని పారేయకుండా ఒక డబ్బాలో దాచి, ఏది ఎక్కడ పగిలిందో నాకు చూపించేవాడు. పగులు ఎప్పుడూ వంకీ బిగించిన బెజ్జం దగ్గరో, మూతి కింద పలక దూర్చిన గాడి దగ్గరో మొదలయ్యేది. గాలం ముళ్ళు ఊగి ఊగి కడుపు మీద గీసిన అర్ధచంద్రాల దగ్గర కూడా. అందుకే రంగుకి ముందే చెక్క ఆకలి తీర్చాలి. నీటికి చోటు లేకుండా లోపల ఇంకేదో నింపాలి.

గట్టి చెక్కకి అవిసె నూనె. సగానికి సగం టర్పెంటాయిలు కలిపి, వేడినీళ్ళ గిన్నెలో ఆ డబ్బా నిలబెట్టి గోరువెచ్చగా చేసేవాడు. బొమ్మని తీగకి కట్టి అందులోకి దించగానే బుడగలు మొదలయ్యేవి. మొదట ఒళ్ళంతా సన్నగా, సూదిమొనంత. తర్వాత వంకీ బెజ్జంలోంచి ఒకటొకటిగా, గొలుసులా, ఆగి ఆగి. చెక్కలో ఉన్న గాలి బయటికొచ్చి ఆ చోటులోకి నూనె పోతోందన్నమాట. చివరి బుడగ వచ్చిందాకా చూస్తూ కూర్చునేదాన్ని. అయిపోయిందనుకుని లేవబోతుంటే ఇంకొకటి వచ్చేది.

తీశాక తుడిచి వేలాడదీస్తే, ఎండాకాలంలో వారం, వానల్లో రెండు వారాలు దాటినా ఆరేది కాదు. లోపలికంటా ఆరకుండా పైన రంగు వేస్తే ఆ రంగు ఎప్పటికీ గట్టిపడదు.

ఒకసారి ఆ నూనె తుడిచిన గుడ్డలన్నీ పోగుచేసి, చక్కగా మడిచి, ఒక డబ్బాలో కుక్కి మూలన పెట్టాను. సర్దిపెట్టానని నా ఉద్దేశం. మధ్యాహ్నం మావయ్య గుడ్డల కోసం వెతికి, డబ్బాలో చేయి పెట్టి ఒక్కసారిగా వెనక్కి తీశాడు. వేడిగా ఉన్నాయి. నిప్పు లేదు, ఎండ లేదు, అయినా వేడి. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు విడివిడిగా ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. కుక్కి పెడితే బయటికి దారి లేక పెరిగి పెరిగి, వాటంతటవే అంటుకుంటాయి. ఆయన నన్ను తిట్టలేదు. గుడ్డలన్నీ నీళ్ళ తొట్టిలో వేసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు నుంచీ నూనెగుడ్డల్ని ఒక్కొక్కటిగా విడదీసి తీగ మీద పరచడం నా పని. ఈ రోజుకీ ఎక్కడైనా చెక్కసామాను పాలిష్ చేస్తుంటే నా కళ్ళు ముందు వాళ్ళ గుడ్డలు ఎక్కడున్నాయా అని వెతుకుతాయి.

* * *

బాల్సా చెక్క సంగతి వేరు. అది గోరు నొక్కితే గుంట పడేంత మెత్తన. దానికి నూనె సరిపోదు, పైన పెంకులాంటిది కావాలి. అందుకోసం మావయ్య దగ్గర పింగ్‌పాంగ్ బంతులుండేవి.

పగిలిన బంతి ఎక్కడ దొరికినా మేం పిల్లలం జేబులో వేసుకుని ఆయనకి ఇచ్చేవాళ్ళం. అప్పట్లో అవి సెల్యులాయిడ్‌వి. ముక్కలుగా కత్తిరించి, గాజుసీసాలో అసిటోన్ పోసి అందులో వేస్తే, మొదట అంచులు మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, మర్నాటికల్లా చిక్కటి ద్రవం అయ్యేది. బొమ్మని అందులో ముంచి తీస్తే అసిటోన్ నిమిషాల్లో ఎగిరిపోయి, సన్నటి గట్టి పొర మిగిలేది. అలా అయిదారుసార్లు. సెల్యులాయిడ్ భగ్గున మండే సరుకు కాబట్టి ఆ పని ఎప్పుడూ ఆరుబయటే, దీపం దరిదాపుల్లో లేకుండా. 2014 నుంచి అంతర్జాతీయ పోటీల్లోకి సెల్యులాయిడ్ లేని ప్లాస్టిక్ బంతులు వచ్చాయి. ఆ వార్త చదివినరోజు అందరూ ఆట గురించి మాట్లాడుకుంటుంటే నాకు మావయ్య సీసా గుర్తొచ్చింది.

ఈ పని చేస్తూనే ఆయన ఫిన్లాండ్ జాలరి లౌరి రాపలా కథ చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్పేవాడు. రాపలా 1936లో బెరడు ముక్కని చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో చెక్కి, చాక్లెట్ చుట్టిన వెండిరేకు అంటించి, పైన ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత పూశాడట. దెబ్బ తగిలిన చేప కుంటుతూ ఈదినట్టు ఈదాలని ఆయన తాపత్రయం. ఆ ఒక్క బొమ్మ నుంచే ప్రపంచమంతా కొనే పేరు పుట్టింది. మావయ్యకి అందులో నచ్చింది ఆ పేరు మాట అటుంచి, నెగెటివ్‌ల పూత. "చూశావా, ఇంట్లో ఉన్నవాటితోనే నీళ్ళని ఆపాడు" అని ప్రతిసారీ అక్కడే ఆగేవాడు.

* * *

అన్నీ అయ్యాక తెల్లరంగు.

ప్రైమర్ ఎందుకు తెలుపే ఉండాలో ఒకసారి రెండు బొమ్మల మీద చూపించాడు. ఒకటి ఉత్త చెక్క, ఒకటి తెల్లటిది. రెండిటికీ ఒకే పసుపు వేశాడు. చెక్క మీది పసుపు మురికిగా, బురదనీళ్ళలా కనబడింది. తెలుపు మీది పసుపు వెలిగిపోయింది. పైనున్న రంగు పలచన, వెలుగు దాన్ని దాటి కిందికి పోయి తిరిగి వస్తుంది. కింద తెలుపుంటే అంతా వెనక్కి వస్తుంది, గోధుమరంగు చెక్కయితే మింగేస్తుంది.

తెల్లరంగు చాడీలు చెబుతుందనేవాడు మావయ్య. చెక్కగా ఉన్నప్పుడు కనబడని ప్రతి గుంటా, ప్రతి గీతా, ఎక్కడ కాగితం సరిగా రుద్దలేదో, అన్నీ తెలుపు పడగానే బయటికొస్తాయి. మొదటి కోటింగ్ దానికే. గుంటల్లో లప్పం పెట్టి, ఆరాక 400 నంబరు కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దాలి. తెల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మోచేతిదాకా కారేవి. తర్వాత రెండో కోటింగ్, పలచగా. దట్టంగా ఒక్కసారి వేస్తే పైన ఆరినట్టుండి లోపల మెత్తగా ఉంటుంది.

ముంచి వేలాడదీశాక రంగు మెల్లగా కిందికి దిగి తోక కొసన బొట్టు కడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే గట్టిపడి మొటిమలా మిగులుతుంది. చేతిలో అగ్గిపుల్ల పట్టుకుని కాపలా కూర్చునేదాన్ని. బొట్టు నిండి, కింద గుండ్రంగా సాగి, రాలబోయే ముందు వణుకుతుంది. సరిగ్గా అప్పుడు పుల్ల కొసని ఆనిస్తే మొత్తం పుల్ల మీదకి వచ్చేస్తుంది. ముందే ఆనిస్తే సగమే వస్తుంది. వరసలో పన్నెండు చేపలుంటే, పన్నెండోదాని దగ్గరికి చేరేసరికి మొదటిదానికి ఇంకో బొట్టు తయారు. అలా అటూ ఇటూ తిరుగుతుంటే సాయంత్రం ఎప్పుడయిందో తెలిసేది కాదు. పని అయ్యాక వంకీల బెజ్జాల్లో రంగు నిండకుండా గుండుసూదితో గుచ్చి తెరవడం.

ఆరిందో లేదో చూడటానికి ఆయన కడుపు కింద, కనబడని చోట బొటనవేలి గోరు నొక్కేవాడు. గీత పడితే మళ్ళీ తీగ మీదకే. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. వాసన వస్తోందంటే లోపలి నుంచి ఇంకా థిన్నర్ బయటికొస్తోందని లెక్క.

నాకు పన్నెండేళ్ళో పదమూడో. మర్నాడు చెరువుకి వెళ్ళాలని తొందర. ఎనామెల్ వేసి రెండు రోజులే అయింది, వాసన ఇంకా ఉంది. మావయ్య ఇంట్లో లేడు. త్వరగా ఆరుతుంది కదా అని లక్కర్ డబ్బా తీసి వేసేశాను. నా కళ్ళ ముందే నున్నటి తెలుపు మొదట చిన్న చిన్న ముడతలుగా, తర్వాత చర్మం ఊడినట్టు పొరలుగా లేచిపోయింది. లక్కర్‌లో ఉండే ఘాటు థిన్నర్ కింది ఎనామెల్‌ని కరిగించి పైకి లేపేస్తుంది. ఘాటుది కింద, మెత్తనిది పైన ఉండాలి, సెల్యులాయిడ్ మీద ఎనామెల్ హాయిగా కూర్చుంటుంది కానీ ఎనామెల్ మీద లక్కర్ కూర్చోదు. ఇదంతా ఆయన తర్వాత చెప్పాడు. ఆరు బొమ్మలు. నా గొంతు పూడుకుపోయింది. సాయంత్రం వచ్చి చూసి, చెప్పులు విప్పి, పక్కన కూర్చుని రెండు గీకుడు కత్తులు తీశాడు. మూడు నాకు, మూడు ఆయనకి. చెక్క కనబడేదాకా గీకాం. చెరువు ప్రయాణం వచ్చే సెలవులకి మారింది.

* * *

రంగుల పూట ఇంటిల్లిపాదీ వసారాలోనే. అత్తయ్య కూడా కుర్చీ తెచ్చుకునేది.

లేతరంగులు ముందు, ముదురువి తర్వాత. కడుపు తెలుపు, పక్కలు వెండి, వీపు ముదురాకుపచ్చో నలుపో. నిజం చేపలకీ అంతే. కింద నుంచి చూసేవాటికి తెల్లటి కడుపు ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది, పై నుంచి చూసేవాటికి నల్లటి వీపు నీటి లోతులో కలిసిపోతుంది. పొలుసుల కోసం చిరిగిన దోమతెర ముక్క. బొమ్మ చుట్టూ బిగించి, వీపు వెంట బట్టల క్లిప్పులు పెట్టి, నోటితో ఊదే గొట్టంతో రంగు చల్లేవాడు. రెండు సన్నటి గొట్టాలు, మూలమట్టంలా అతికినవి. ఒకటి రంగులో ముంచి, ఇంకోదాన్ని ఊదితే, పైన పోయే గాలికి రంగు పైకెక్కి తుంపరలా పడుతుంది. ఊది ఊది ఆయన బుగ్గలు ఎర్రబడేవి. తర్వాత ఆ తెర విప్పే క్షణం. ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి, తెరని రుద్దుకోకుండా నిటారుగా పైకెత్తితే, కింద పొలుసు పొలుసుగా చేప.

గొంతు దగ్గర ఎరుపు తక్కువ లోతులో తిరిగే బొమ్మలకే వేసేవాడు. నీరు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగుతుంది, కొన్ని మీటర్లు దిగేసరికి అది నల్లగా కనబడుతుంది. లోతుకి దిగేవాటికి ఎరుపు వేయమని నేను ఎంత బతిమాలినా వినేవాడు కాదు.

కళ్ళు మాత్రం నావి. మేకు తలని రంగులో ముంచి ఆనించడమే. పెద్ద మేకుతో పసుపు, ఆరాక చిన్న మేకుతో నలుపు. ఒకసారి ముంచి రెండు కళ్ళూ పెడితే మొదటిది పెద్దదీ రెండోది చిన్నదీ అవుతుంది. అందుకని ఒక్కో కంటికీ విడిగా ముంచి, డబ్బా అంచుకి ఒకే ఒక్కసారి తాకించి, ఊపిరి బిగబట్టి ఆనించేదాన్ని. కన్ను పడగానే అప్పటిదాకా చెక్కముక్కగా ఉన్నది మనవైపు చూడటం మొదలుపెట్టేది.

పైన చివరి పూత ఎపాక్సీ. రెండు సీసాల్లోంచి సమంగా పోసి, బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి పూయాలి. అది చిక్కబడేదాకా బొమ్మని తిప్పుతూనే ఉండాలి, ఆపితే ఒకవైపుకి జారి గడ్డకడుతుంది. ఇప్పుడు చిన్న మోటార్లు వచ్చాయి. అప్పుడు మా చేతులే. రేడియో పెట్టుకుని వంతులేసుకుని తిప్పేవాళ్ళం.

* * *

ప్రైమర్ వాసన తగిలిన వారానికి మావయ్యని చూడటానికి వెళ్ళాను. చూపు బాగా తగ్గిపోయింది. మనిషి ఆకారం తెలుస్తుంది, రంగులు తెలియవు. తీగ ఇంకా ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

వెళ్ళే ముందు ఇంట్లో ఒక చేప చెక్కాను. చిన్నప్పుడు ముట్టనివ్వని కత్తిపని ఇన్నేళ్ళకి నా చేత్తో నేనే చేసుకున్నాను. ఇప్పుడు దొరికే నీళ్ళ ప్రైమర్ రెండు కోటింగులు వేసి, తెల్లగా, కళ్ళు పెట్టకుండా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉన్నాడు.

"వాసన లేదేంటి అమ్మడూ?"

"నీళ్ళ రంగు మావయ్యా. ఇప్పుడన్నీ ఇవే."

తల ఊపాడు. బొటనవేలితో మూతి దగ్గర నుంచి మొదలుపెట్టి, వీపు మీదుగా, నెమ్మదిగా తోకదాకా వచ్చాడు. కడుపు కింద గోరు నొక్కాడు. గీత పడలేదు. మళ్ళీ వెనక్కి వచ్చి, తోకకి ముందు ఒక చోట వేలు ఆపాడు.

"ప్రైమర్ ముందు తడిగుడ్డ పెట్టలేదు కదూ?"

పెట్టలేదు. ఆత్రంలో ఆ పని వదిలేశాను. నీళ్ళ ప్రైమర్ తగలగానే చెక్క దాహంగా తాగి వెంట్రుక లేపేసింది, నా కంటికి ఆనలేదు. ఆయన వేలికి ఆనింది.

"ఇక్కడ చూడు" అని నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. పిల్లి నాలుక.

"400 కాగితం ఉందా?"

సంచీలో ఉంది. అత్తయ్య గిన్నెలో నీళ్ళు తెచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తడిపి ఇచ్చాను. చేపని ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, నార వెంటే, చేయి తేలిగ్గా పెట్టి మొదలుపెట్టాడు. తెల్లటి నీళ్ళు ఆయన వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదకి కారుతున్నాయి. నేను పీట దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.